రెక్క ఉంది, రోటర్లూ ఉన్నాయి: దీన్ని ఏ క్లాసు కింద రాయాలి?

టిల్ట్‌రెక్క

కాగితం మీదున్న డిజైన్ గురించి అడుగుతున్నా. 2,000 కేజీలు, పైలట్ కాక నలుగురు. పైకి లేపడానికి ఎనిమిది లిఫ్ట్ రోటర్లు, ఒక్కోటి మీటరు వ్యాసార్థం. ముందుకు తోయడానికి వెనకాల ఒక ప్రొపెల్లర్. రెక్క మామూలు రెక్కే. క్రూజ్‌లోకి (ముందుకి నిలకడగా ఎగిరే దశలోకి) వెళ్లాక లిఫ్ట్ రోటర్లు ఆగి, గాలికి అడ్డం పడకుండా బ్లేడు ముందూవెనకలుగా సర్దుకుని లాక్ అవుతాయి. అంతా బ్యాటరీ మీదే.

సర్టిఫికేషన్ బేసిస్, అంటే ఏ నియమాల కింద ఆమోదం అడుగుతున్నామో చెప్పే పత్రం, దాని మొదటి పేజీ దగ్గరే పెన్ను ఆగిపోతోంది. అమెరికాలో దీన్ని పవర్డ్ లిఫ్ట్ అంటారు. యూరప్‌లో వీటాల్ కేపబుల్ ఎయిర్‌క్రాఫ్ట్ (నిలువుగా లేచి దిగగలిగేది), పొట్టిగా వీసీఏ. మన డీజీసీఏ కూడా వీసీఏ అనే వాడుతోంది. ఒక్క యంత్రానికి ఇన్ని పేర్లెందుకు? అమెరికా నియమాల్లో చిన్న విమానాలకి పార్ట్ 23 ఉంది కదా, అది తీసుకుని, సరిపోని చోట స్పెషల్ కండిషన్లు అతికిస్తే పోదా? కొత్త క్లాసు అనేసరికి లైసెన్సు, రిజర్వు (అవసరానికని మిగల్చాల్సిన ఇంధనం లేదా చార్జి), దిగే చోటు అన్నీ మళ్లీ మొదటికొస్తున్నాయి.

నట్టుబోల్టు

ఆ దారిలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కొన్నేళ్లు నడిచి వెనక్కొచ్చింది. 2017 ఆగస్టులో పార్ట్ 23 మొత్తం తిరగరాశారు. "ఈ భాగం ఇలా కట్టు" అనే నియమాలు తీసేసి, "ఈ ఫలితం చూపించు" అనే నియమాలు పెట్టారు. అంత వదులుగా ఉంది కాబట్టి ఈవీటాల్‌లన్నీ, అంటే కరెంటుతో నిలువుగా లేచి దిగేవన్నీ, అందులో ఇముడుతాయనే అందరూ అనుకున్నారు. 2022 మేలో ఎఫ్ఏఏ మాట మార్చింది. పార్ట్ 23 కాదు, 21.17 బి అనే నియమం కింద స్పెషల్ క్లాసు అంది.

కారణం నిర్వచనంలోనే ఉంది. అమెరికా నియమాల్లో విమానం అంటే రెక్కల మీద గాలి ప్రతిచర్యతో నిలిచేది. నీ యంత్రం లేచేటప్పుడూ దిగేటప్పుడూ రెక్క ఖాళీగా ఉంటుంది, బరువంతా రోటర్ల మీదే. సగం ప్రయాణంలో మాత్రమే విమానం అయినదానికి విమానం నియమాలు పెడితే మిగతా సగానికి నియమమే ఉండదు. అతుకులు వేయొచ్చు, కానీ అతుకులే గుడ్డ కంటే ఎక్కువవుతాయి.

21.17 బి అంటే ఖాళీ పళ్లెం ఇచ్చి వడ్డించుకోమనడం. 23, 25, 27, 29, 31, 33, 35 పార్టుల్లోంచి నప్పినవి ఎత్తుకోవచ్చు, లేనివి కొత్తగా రాయొచ్చు. మొత్తానికి ఆ పార్టులతో సమానమైన భద్రత వస్తోందని చూపించాలి. తర్వాత అమెరికా ప్రభుత్వ గెజెట్ ఫెడరల్ రిజిస్టర్‌లో పెట్టి జనం అభిప్రాయాలు తీసుకుని ఖరారు చేస్తారు. ఈవీటాల్ తయారుచేసే జాబీ వాళ్ల జేఏఎస్4-1కి 2024 మార్చిలో, ఆర్చర్ వాళ్ల ఎం001కి అదే ఏడాది మేలో ఖరారయ్యాయి.

గోదారి_గాలి

అతుకులే గుడ్డ కంటే ఎక్కువ. ఈ లైను ఎక్కడో రాసి గోడకి అంటించుకోవాలి.

సర్టిఫికేషన్_శారద

టిల్ట్‌రెక్క గారూ, మీ ప్రశ్నలోనే ఒక ముడి ఉంది. అది ముందు విప్పుకోకపోతే మిగతాదంతా గందరగోళమే. అమెరికా నియమాల్లో కేటగిరీ, క్లాసు అనే రెండు మాటలకీ రెండేసి అర్థాలున్నాయి.

పైలట్ లైసెన్సు దగ్గర కేటగిరీ అంటే విమానం, రోటర్‌క్రాఫ్ట్, గ్లైడర్, పవర్డ్ లిఫ్ట్ లాంటివి. క్లాసు అంటే దాని లోపలి విభాగం, సింగిల్ ఇంజన్ ల్యాండ్, మల్టీ ఇంజన్ సీ, అలా. యంత్రం సర్టిఫికేషన్ దగ్గర ఇది తల్లకిందులు. అక్కడ కేటగిరీ అంటే నార్మల్, ట్రాన్స్‌పోర్ట్, రిస్ట్రిక్టెడ్ అని వాడకాన్ని బట్టి. క్లాసు అంటే విమానం, రోటర్‌క్రాఫ్ట్, గ్లైడర్, బెలూన్.

పవర్డ్ లిఫ్ట్ అనే మాట పైలట్ వైపు 1997లోనే వచ్చేసింది, టిల్ట్‌రోటర్లు పౌర విమానయానంలోకి వస్తాయనే లెక్కతో. యంత్రం వైపు మాత్రం దానికంటూ ఒక పార్టు ఎవరూ రాయలేదు. లైసెన్సు సిద్ధం, బండికి నియమం లేదు. ఇన్నేళ్ల చిక్కుకి మూలం ఇదే.

టిల్ట్‌రెక్క

శారద గారూ, ఇది నిజంగా తెలియలేదు. మా డ్రాఫ్టులో "కేటగిరీ: పవర్డ్ లిఫ్ట్" అని ఒకే గడిలో రాసేశాం.

సర్టిఫికేషన్_శారద

రెండు గడులు చేయండి. యంత్రం గడిలో "స్పెషల్ క్లాసు, పవర్డ్ లిఫ్ట్". పైలట్ గడిలో "కేటగిరీ పవర్డ్ లిఫ్ట్, టైప్ రేటింగ్ తప్పనిసరి". టైప్ రేటింగ్ అంటే ఆ ఒక్క మోడల్ నడపడానికి ఇచ్చే అనుమతి. ఈ రెండూ కలిపి రాసిన పత్రం మొదటి మీటింగులోనే తిరిగొస్తుంది.

అంతర్జాతీయంగానూ ఇదే అతుకు కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ ఐకావో లైసెన్సుల అనెక్స్ 1లో పవర్డ్ లిఫ్ట్ నిర్వచనం ఉంది. రిజిస్ట్రేషన్ గుర్తుల అనెక్స్ 7, 2012 నాటి ఆరో కూర్పు, తీసి వర్గీకరణ పట్టిక చూస్తే గాలి కంటే బరువైన, ఇంజనున్న వాటిలో విమానం, రోటర్‌క్రాఫ్ట్, ఆర్నిథాప్టర్, అంతే.

గోదారి_గాలి

ఆర్నిథాప్టర్ అంటే పక్షిలా రెక్కలాడించేదా? దానికి గడి ఉండి ఎనిమిది రోటర్లవాటికి లేదా!

నట్టుబోల్టు

పట్టిక వేసిన రోజుల్లో మనుషులు నమ్మకంగా ప్రయత్నిస్తున్నవి అవి. పట్టికలు ఎప్పుడూ తమ కాలాన్నే చూపిస్తాయి.

ఆటోరొటేషన్

ఒక విషయంలో ఎఫ్ఏఏ పద్ధతితో నాకు గట్టి పేచీ ఉంది. పవర్డ్ లిఫ్ట్ నిర్వచనం చూడండి: నిలువుగా లేచి దిగేటప్పుడు ఇంజను తిప్పే పరికరాల మీద, ముందుకు వెళ్లేటప్పుడు తిరగని రెక్క మీద ఆధారపడాలి. మరి రెక్కే లేని మల్టీకాప్టర్? 18 రోటర్ల వోలోసిటీ, 16 ప్రొపెల్లర్ల ఈహాంగ్ ఈహెచ్216-ఎస్ లాంటివి? రెక్క లేదు కాబట్టి అవి పవర్డ్ లిఫ్ట్ కావు. నిర్వచనం అక్షరాలా చదివితే రోటర్‌క్రాఫ్ట్. ముందుకు కదలడానికీ రోటర్ల మీదే ఆధారం కాబట్టి ఇంకా లోపలికెళ్తే హెలికాప్టర్.

కానీ హెలికాప్టర్ నియమాలన్నీ ఒక నమ్మకం మీద కట్టారు. ఇంజను ఆగితే కలెక్టివ్ దించి (బ్లేడ్లన్నింటి కోణం ఒకేసారి తగ్గించి), కింది నుంచి వచ్చే గాలితో రోటర్ని తిప్పుకుంటూ దిగొచ్చని. దానికి బ్లేడు పిచ్ మార్చగలగాలి, రోటర్‌లో తిరుగుడు నిల్వ ఉండాలి. ఫిక్స్‌డ్ పిచ్ చిన్న రోటర్లలో ఆ రెండూ లేవు. కరెంటు పోతే రాయిలా పడుతుంది. అలాంటి దాన్ని హెలికాప్టర్ అనే గడిలో పెట్టడం పైలట్‌కి అబద్ధం చెప్పినట్టే.

నట్టుబోల్టు

ఒప్పుకుంటా. ఈ ఒక్క చోట యూరప్ వాళ్ల పద్ధతి శుభ్రంగా ఉంది. యూరప్ విమాన భద్రతా సంస్థ ఈయాసా 2019 జులైలో ఎస్సీ-వీటాల్ అనే స్పెషల్ కండిషన్ తెచ్చినప్పుడు రెక్క ఉందా లేదా అని అడగలేదు. 2024 ఏప్రిల్ నాటి 1111 నంబరు నియంత్రణలో వీసీఏ అంటే విమానమూ కాదు, రోటర్‌క్రాఫ్టూ కాదు, లిఫ్ట్, థ్రస్ట్ యూనిట్లతో నిలువుగా లేచి దిగగలిగేది. మల్టీకాప్టరూ అందులోకే, టిల్ట్‌రెక్క గీసిన లిఫ్ట్ ప్లస్ క్రూజూ (లేవడానికి వేరే రోటర్లు, ముందుకి వేరే ప్రొపెల్లర్) అందులోకే.

ఒంటిరెక్క

ఒక్క పేరు కింద అన్నీ వేస్తే లోపల తేడాలు ఎక్కడికి పోతాయి? రెక్క ఉన్నది మోటార్లు ఆగాక కూడా గ్లైడ్ చేస్తుంది. రెక్క లేనిది చేయదు. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఏం సాధించినట్టు?

నట్టుబోల్టు

ఆ తేడా పేరులో పెట్టలేదు, ఏదైనా పోయినప్పుడు ఏం చేయాలి అన్న చోట పెట్టారు. ఈయాసాలో రెండు కేటగిరీలు, బేసిక్, ఎన్‌హాన్స్‌డ్. జనావాసాల మీద ఎగరాలన్నా, డబ్బు తీసుకుని ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలన్నా ఎన్‌హాన్స్‌డ్. అందులో కీలకమైన వైఫల్యం వచ్చినా ప్రయాణం సాగించి దిగాల్సిన చోట దిగాలి. బేసిక్‌లో అదుపులో ఉంచుకుని అత్యవసరంగా ఎక్కడో ఒక చోట దిగితే చాలు.

ఘోర వైఫల్యానికి అంకెలు కూడా అలాగే మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఎన్‌హాన్స్‌డ్‌లో 100 కోట్ల గంటలకి ఒకటి మించకూడదు, సీట్లు ఎన్నైనా సరే. బేసిక్‌లో 7 నుంచి 9 మంది ప్రయాణికులుంటే అదే 100 కోట్లు, 2 నుంచి 6 అయితే 10 కోట్లు, ఒక్కరో ఎవరూ లేకో అయితే కోటి. పైగా ఏ ఒక్క భాగం పోయినా అదొక్కటే ఘోరానికి దారితీయకూడదు.

టిల్ట్‌రెక్కా, నలుగురు ప్రయాణికులతో ఊరి మీద ఎగరాలంటే నీకు 100 కోట్ల గడే. పేరు కంటే ఈ గడి నీ డిజైన్‌ని ఎక్కువ మారుస్తుంది.

టిల్ట్‌రెక్క

మార్చడం అంటే ఏ మేరకు? ఎనిమిది రోటర్లున్నాయి, ఒకటి పోతే ఏడు. మోటార్లు 15 శాతం పెద్దవి పెడితే సరిపోతుందనుకున్నాం.

ఆటోరొటేషన్

ఏడు కాదు, లెక్కలో ఆరే. ఒక మూల రోటర్ పోతే యంత్రం ఆ వైపు ఒరుగుతుంది. ఒరగకుండా ఎదురు మూలది బాగా తగ్గించాలి. చెడ్డ పరిస్థితికి లెక్కేస్తే అదీ సున్నా అనుకోవాలి. బరువు ఆరింటి మీద పడుతుంది. ఒక్కోదాని థ్రస్ట్ 1.33 రెట్లు. పవర్ థ్రస్ట్‌కి ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుంది, అంటే 1.54 రెట్లు. 15 శాతం ఎక్కడ, 54 శాతం ఎక్కడ!

బ్యాటరీబాబు

అంకెలు వేసి చూపిస్తా. 2,000 కేజీలు అంటే 19,620 న్యూటన్లు. ఎనిమిది రోటర్ల మొత్తం వైశాల్యం 25.1 చదరపు మీటర్లు. సముద్రమట్టం గాలిలో హోవర్‌కి, అంటే ఒకచోట నిలవడానికి, ఆదర్శ పవర్ 350 కిలోవాట్లు. రోటర్ సామర్థ్యం, అంటే ఫిగర్ ఆఫ్ మెరిట్, 0.7 వేసుకుంటే 500. మోటారుకి 62.5 కిలోవాట్లు. ఆటోరొటేషన్ గారు చెప్పిన ఒక రోటర్ పోయిన పరిస్థితిలో మోటారుకి 96.

ఇది చల్లటి సముద్రతీరం లెక్క. మే నెలలో హైదరాబాద్, 540 మీటర్ల ఎత్తు, 40 డిగ్రీలు పెట్టి చూడండి. గాలి సాంద్రత 1.225 నుంచి 1.06 దగ్గరికి పడుతుంది. హోవర్ పవర్ 7 నుంచి 8 శాతం పెరుగుతుంది. మోటారుకి 104 కిలోవాట్లకి సిద్ధంగా ఉండాలి, అదీ మోటారు, ఇన్వర్టర్ ఎండకి ముందే కాలిపోతున్న సమయంలో. ఫ్లైట్ మాన్యువల్‌లో బరువు, ఎత్తు, ఉష్ణోగ్రత పట్టిక ఇలాంటి రోజుకి గీసుకోవాలి.

గోదారి_గాలి

రాజమండ్రి మే నెలకి ఇంకో నిలువు వరుస పెట్టండి అన్నా.

బ్యాటరీబాబు

రాజమండ్రి ఎత్తు తక్కువ కాబట్టి గాలి కాస్త చిక్కన, ఆ విషయంలో మేలు. కానీ వేడికి సెల్ కూలింగ్ ఇబ్బంది అక్కడా అదే.

అసలు మాట రిజర్వు గురించి. క్లాసు పేరు ఎంత ఖరీదో ఇక్కడ తెలుస్తుంది. అమెరికా వీఎఫ్ఆర్ (కంటిచూపుతో దారి చూసుకుంటూ ఎగిరే) నియమంలో పగటి పూట విమానానికి 30 నిమిషాల రిజర్వు, రోటర్‌క్రాఫ్ట్‌కి 20. మీ డిజైన్‌కి లిఫ్ట్ టు డ్రాగ్ (ఎత్తే బలానికీ అడ్డుకునే బలానికీ నిష్పత్తి) 10, వేగం గంటకి 180 కిలోమీటర్లు అనుకుందాం. నష్టాలతో కలిపి క్రూజ్ పవర్ 123 కిలోవాట్లు. 20 నిమిషాలకి 41 యూనిట్లు, 30 నిమిషాలకి 61న్నర. తేడా 20న్నర యూనిట్లు. ప్యాక్ మొత్తంగా కేజీకి 180 వాట్ అవర్లు వస్తే ఆ పది నిమిషాల బరువు 114 కేజీలు. ఒక ప్రయాణికుడు, అతని సామాను. గడి పేరు విమానం అని రాస్తే నాలుగో సీటు ఎగిరిపోతుంది.

2024 అక్టోబర్ 22న వచ్చిన ఎఫ్ఏఏ పవర్డ్ లిఫ్ట్ నియమం ఈ చిక్కుని పేరుతో కాక సామర్థ్యంతో తీర్చింది. దారి పొడవునా ఎక్కడైనా నిలువుగా దిగగలనని ఫ్లైట్ మాన్యువల్ ప్రకారం చూపించగలిగితే 20 నిమిషాలు. లేదంటే విమానం లెక్కే.

ఒంటిరెక్క

బ్యాటరీకి 20 నిమిషాలు అనే కొలతే తప్పు. పెట్రోలు చివరి లీటరూ మొదటి లీటరూ ఒకే శక్తినిస్తాయి. బ్యాటరీలో చివరి పది శాతం అలా ఉండదు.

బ్యాటరీబాబు

అవును, దీని మీద పేచీ లేదు. హోవర్‌కి 500 కిలోవాట్లు కావాలి. 800 వోల్టుల దగ్గర అది 625 ఆంపియర్లు. చార్జి అడుగంటి, లోడు పడి వోల్టేజి 650కి జారితే అదే పవర్‌కి 770 ఆంపియర్లు లాగాలి. కరెంటు పెరిగితే సెల్ లోపలి నిరోధంలో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, వేడితో పాటు వోల్టేజి ఇంకాస్త జారుతుంది. ప్రయాణంలో అన్నింటికంటే ఎక్కువ పవర్ అడిగేది దిగే ముందు రెండు నిమిషాలు, బ్యాటరీ అన్నింటికంటే నీరసంగా ఉండేదీ అప్పుడే.

కాబట్టి మీటరు మీద "ఎంత శాతం మిగిలింది" చూపిస్తే చాలదు. "ఇప్పుడున్న వేడిలో, ఇప్పుడున్న చార్జితో, ఒక రోటర్ పోయినా దిగగలిగే పవర్ ఇంకా ఎన్ని సెకన్లు ఇవ్వగలను" అన్నది చూపించాలి. పాతబడిన ప్యాక్‌కి వేసి చూడండి, కొత్తదానికి కాదు. నిమిషాల రిజర్వు రాసేవాళ్లు ఈ మాట కూడా రాస్తేనే ఆ నిమిషాలకి విలువ.

నాదర్‌గుల్_రన్‌వే

పైలట్ వైపు చిక్కు ఎవరూ ఎత్తలేదు. చిన్న విమానాల్లో 12,500 పౌండ్ల లోపు, జెట్ కానిదైతే ఒక క్లాసు రేటింగ్‌తో రకరకాలవి నడపొచ్చు. పవర్డ్ లిఫ్ట్‌లో అలా లేదు, ప్రతి మోడల్‌కీ టైప్ రేటింగ్. ఇది సరైనదే. ఒకదానిలో రోటర్లు వంగుతాయి, ఇంకోదానిలో ఆగిపోతాయి, కంట్రోలు స్టిక్ అర్థమే యంత్రానికో రకం. జాబీలో నేర్చుకున్న చేతివాటం మీ లిఫ్ట్ ప్లస్ క్రూజ్‌లో పనికిరాదు.

అయితే మొదటి ఇన్‌స్ట్రక్టర్‌కి ఎవరు నేర్పాలి? యంత్రం సర్టిఫై కాకుండా రేటింగ్ రాదు, రేటింగ్ ఉన్నవాళ్లు లేకుండా శిక్షణ లేదు. అందుకే ఆ 2024 నియమాన్ని పదేళ్ల ప్రత్యేక నియమంగా తెచ్చారు. తయారీదారు దగ్గర టెస్ట్ పైలట్లు, వాళ్ల ఇన్‌స్ట్రక్టర్లు మొదటి వరుస అవుతారు, వాళ్ల నుంచి శిక్షణ సంస్థలకి వెళ్తుంది. ఒకే సెట్ కంట్రోళ్లున్న యంత్రంలో నేర్పడానికీ దారి ఇచ్చారు. టిల్ట్‌రెక్క గారూ, మీ కాక్‌పిట్‌లో రెండో సెట్‌కి చోటు వదలండి. దారి ఉంది కదా అని తీసేస్తే సిమ్యులేటర్ ఖర్చు రెండింతలై కూర్చుంటుంది.

పొలంమీద_డ్రోను

ఇంత దూరం ఎందుకు, మన 2021 డ్రోన్ రూల్స్ చూడండి. విమానం, రోటర్‌క్రాఫ్ట్, హైబ్రిడ్ అని మూడు కేటగిరీలు రాసేశారు. హైబ్రిడ్ నిర్వచనం పవర్డ్ లిఫ్ట్‌దే దాదాపుగా: నిలువుగా లేవడానికి ఇంజను పరికరాలు, అడ్డంగా ఎగరడానికి తిరగని రెక్క. మనుషులెక్కే యంత్రాలకి అమెరికాలో అంత చర్చ నడుస్తున్నప్పుడే మనుషుల్లేని వాటికి మన దగ్గర గడి సిద్ధం.

కానీ బరువు గీతలు ఏం చేస్తాయో కూడా అక్కడే చూడొచ్చు. నానో 250 గ్రాములు, మైక్రో 2 కేజీలు, స్మాల్ 25, మీడియం 150, దాటితే లార్జ్. 500 కేజీలు దాటితే ఆ రూల్సే వర్తించవు. ఇప్పుడు పొలాల్లో మందు కొట్టే 10 లీటర్ల డ్రోన్ల బరువులు చూడండి, చాలావాటికి నిండు ట్యాంకుతో 25కి కాస్త లోపే ఉంటుంది. అది ఇంజనీరు ఎంచుకున్న బరువు కాదు, గీత ఎంచుకున్న బరువు. ఆ కొన్ని వందల గ్రాములు మిగల్చడానికి కాళ్లు సన్నబడతాయి. బురద గట్టు మీద వంకరగా దిగినప్పుడు ముందు విరిగేది ఆ కాలే. కాలు విరిగితే నాజిల్ బూమ్ నేలకి తగులుతుంది, తర్వాత ప్రొపెల్లర్.

డల్లాస్_ప్రసాద్

పొలంమీద గారు చెప్పింది ఇక్కడ అమెరికాలో లైట్ స్పోర్ట్ విమానాల విషయంలోనూ జరిగింది. 2004 నియమంలో 1,320 పౌండ్లు, అంటే 600 కేజీల గీత. ఆ గీత లోపల ఉండటానికి నిర్మాణం పలచబడింది, భద్రతా సామాను వదిలేశారు. 2025 జులైలో వచ్చిన మోజాయిక్ నియమంలో ఆ గీతే తీసేశారు. బరువు బదులు స్టాల్ స్పీడు, అంటే రెక్క ఇంకా మోయగలిగే కనీస వేగం, పట్టుకున్నారు. లైట్ స్పోర్ట్ విమానానికి ల్యాండింగ్ స్థితిలో 61 నాట్లు, స్పోర్ట్ పైలట్ నడపాలంటే ఫ్లాపులు లేకుండా 59 నాట్లు. నాలుగు సీట్ల దాకా ఒప్పుకున్నారు, స్పోర్ట్ పైలట్ మాత్రం ఒక్క ప్రయాణికుణ్ణే ఎక్కించుకోవాలి.

నేలకి తగిలేటప్పుడు శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, బరువుతో మామూలుగానే. కాబట్టి గీత గీయాల్సింది వేగం దగ్గరే. 61 కూడా గాల్లోంచి తెచ్చింది కాదు, పాత పార్ట్ 23లో సింగిల్ ఇంజన్ విమానాలకి ఉన్న స్టాల్ హద్దు అదే.

ఆటోరొటేషన్

రోటర్ల మీద నిలిచేదానికి స్టాల్ స్పీడే లేదు. అప్పుడు ఆ గీత ఎక్కడ గీస్తారు?

డల్లాస్_ప్రసాద్

అందుకే లైట్ స్పోర్ట్ కేటగిరీలోకి రోటర్‌క్రాఫ్ట్, పవర్డ్ లిఫ్ట్‌లని యంత్రాలుగా రానిచ్చారు గానీ, స్పోర్ట్ పైలట్ లైసెన్సుతో పవర్డ్ లిఫ్ట్ నడపడానికి ఒప్పుకోలేదు. శారద గారు చెప్పిన రెండు గడుల తేడా మళ్లీ ఇక్కడే.

గోదారి_గాలి

గీతల మాటొచ్చింది కాబట్టి ఒకటి. 2024 చివరిదాకా అమల్లో ఉన్న మన 1934 ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం నిర్వచనంలో బెలూన్లు, గ్లైడర్లతో పాటు గాలిపటాలు కూడా ఉండేవి. ఆ లెక్కన సంక్రాంతి రోజు మేడ మీద పిల్లలందరూ ఎయిర్‌క్రాఫ్ట్ ఆపరేటర్లే.

సర్టిఫికేషన్_శారద

అది నిజమే. అదే నిర్వచనంలో ఇంకో ముక్క ఉండేది, ఎక్కువమంది దాటేస్తారు. గాలి ప్రతిచర్యతో నిలిచేదే ఎయిర్‌క్రాఫ్ట్, "భూమి ఉపరితలం మీద గాలి ప్రతిచర్య తప్ప". ఆ తప్ప అన్న మాట ఐకావో 1967 నవంబర్‌లో చేర్చింది, హోవర్‌క్రాఫ్ట్‌ని బయట పెట్టడానికి. కొత్త యంత్రం వచ్చినప్పుడు నిర్వచనాన్ని పెంచడమే కాదు, తగ్గించిన సందర్భమూ ఉంది.

ఒంటిరెక్క

దాని తోకే నీటి మీద తేలినట్టు ఎగిరే విగ్ క్రాఫ్ట్ చిక్కు. కాకినాడ నుంచి విశాఖకి నీటికి మూడు మీటర్ల ఎత్తున వెళ్తే అది పడవా, విమానమా? ఓడల సంస్థ ఐఎంఓ, ఐకావో కలిసి మూడు రకాలు చేశాయి. ఎ రకం నీటికి దగ్గరగా, రెక్క కింద గాలి ఇచ్చే ఊతంలోనే ఎగరాలి. బి రకం తాత్కాలికంగా పైకి లేవొచ్చు, 150 మీటర్లు మించకుండా. సి రకం ఆ హద్దు దాటగలిగేది, దానికి విమాన నియమాలు. చూశారా, ఇక్కడా రూపాన్ని కాదు, ఏ ఎత్తుకి వెళ్లగలదు అన్నదాన్నే గీత చేశారు. నట్టుబోల్టు గారి వాదనకి ఇది బలమే, ఒప్పుకుంటున్నా.

నేను పట్టుకున్న చోటు వేరు. కొత్త రూపం వచ్చిన ప్రతిసారీ కొత్త క్లాసు అక్కర్లేదు. రెక్కా ఒళ్లూ కలిసిపోయిన బ్లెండెడ్ వింగ్ చూడండి. అది విమానమే, పార్ట్ 25 ట్రాన్స్‌పోర్టే, వర్గీకరణలో గొడవ లేదు. గొడవంతా లోపలి ఒక్కో నియమం దగ్గర. సగం తలుపులు మూసేసి 90 సెకన్లలో అందరూ దిగిపోవాలి అన్న పరీక్ష గొట్టం లాంటి క్యాబిన్‌ని మనసులో పెట్టుకున్నది. వెడల్పాటి హాలు లాంటి క్యాబిన్‌లో మధ్యలో కూర్చున్నవాడికి పక్క గోడే కనబడదు, తలుపు ఏ వైపో వెతుక్కోవాలి. అక్కడ మార్చాల్సింది నడవల లెక్క, తలుపుల చోటు, దారి చూపే దీపాలు. క్లాసు పేరు కాదు.

నట్టుబోల్టు

సరిగ్గా చెప్పారు. ఇంజన్ల విషయంలోనూ అదే చేశారు. పార్ట్ 33 ఇంధనం మండించే ఇంజన్లని ఊహించుకుని రాసింది. మాగ్నిఎక్స్ వాళ్ల విద్యుత్ ఇంజన్లకి 2021లో స్పెషల్ కండిషన్లు ఇచ్చారు, పార్టు మార్చలేదు. పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో 2020 జూన్‌లో ఈయాసా టైప్ సర్టిఫికెట్ తెచ్చుకుంది, మామూలు రెక్కా చక్రాలూ ఉన్న రెండు సీట్ల విమానంగానే. కరెంటుతో నడిచినంత మాత్రాన క్లాసు మారదు. గాల్లో నిలిచే ఆధారం మారితే మారుతుంది.

టిల్ట్‌రెక్క

అయితే మా మొదటి పేజీ ఇలా మారింది: యంత్రం గడి, పైలట్ గడి వేరు. డీజీసీఏ దారికి ఎన్‌హాన్స్‌డ్ లక్ష్యం, 100 కోట్ల గంటలు. మోటారు 104 కిలోవాట్లకి, ఎంతసేపు నిలవాలో తేల్చాలి. రిజర్వు 20 నిమిషాల లెక్కతో పాటు పాత ప్యాక్ మీద చివరి హోవర్ పవర్.

ఒకటి మిగిలింది. క్రూజ్‌లో లాక్ అయిన రోటర్లు దిగేముందు తిరిగి మొదలు కాకపోతే? కాళ్లు స్కిడ్లే పెట్టాం, చక్రాలు లేవు.

ఆటోరొటేషన్

మీరు 20 నిమిషాల రిజర్వు తీసుకున్నదే "ఎక్కడైనా నిలువుగా దిగగలను" అనే మాట మీద. రోటర్లు మొదలుకావు అంటే ఆ మాట పోయింది. అప్పుడు రెక్క మీద, స్టాల్ స్పీడు దగ్గర, నేల మీద జారుతూ దిగాలి. స్కిడ్లతో ఆ వేగంలో తారు రన్‌వే మీద ఏమవుతుందో ముందు లెక్కేయండి.

నట్టుబోల్టు

రెండు దారులు. ఒకటి, ఎనిమిదీ ఒకేసారి మొదలుకాకపోవడం అనే వైఫల్యాన్ని 100 కోట్ల గంటల గడిలోకి నెట్టడం. అంటే లాక్ విప్పే కమాండు ఒకే కంప్యూటర్ నుంచి, ఒకే డేటా బస్ (సంకేతాల తీగ) మీద వెళ్లకూడదు. బ్యాటరీ కనీసం రెండు వేరు ప్యాకులు, ఎదురెదురు రోటర్లు ఒకే ప్యాక్ మీద, అలా అయితే ప్యాక్ పోయినా ఒరగదు. లాక్ పిన్ను చల్లటి తేమ గాల్లో ఒకటిన్నర గంట నానబెట్టి, మంచు పట్టినప్పుడు విడుతుందో లేదో బల్ల మీద చూడాలి. క్రూజ్‌లో రోటర్ కదలక కూర్చుంటుంది కాబట్టి నీళ్లు అక్కడే చేరతాయి. దిగే చోటికి దగ్గరయ్యాక కాదు, ఇంకా రెక్క మీద ఉండగానే, వెనక్కి తిరగడానికి సరిపడా చార్జి ఉండగానే రోటర్లు తిప్పి చూసే అంచె పెట్టాలి.

రెండు, చక్రాలు పెట్టడం. బరువు తినేస్తుంది, కానీ రన్‌వే మీద విమానంలా దిగగలిగే దారి దొరికితే పైన చెప్పిన రుజువు చాలా తేలికవుతుంది.

టిల్ట్‌రెక్క

ప్యాకులు ప్రస్తుతం ఎడమ నాలుగు రోటర్లకి ఒకటి, కుడి నాలుగింటికి ఒకటి ఉన్నాయి. ఈ రాత్రికే తీగలు మార్చి గీస్తున్నాం.

బ్యాటరీబాబు

ఎడమ కుడి అని ఉంటే ఒక ప్యాక్ పోయిన క్షణంలో తిరగబడేది. మార్చాక ఒక ప్యాక్ పోయిన లెక్క మళ్లీ వేయండి. నాలుగు రోటర్లే 2,000 కేజీలు మోయాలి, మోటారుకి 62.5 కాదు, 177 కిలోవాట్లు. రెండు ప్యాకులు చాలవు, నాలుగు చేయండి. అప్పుడు పోయేది రెండు రోటర్లు, అవి ఎదురెదురివే, మీ 104 దగ్గరే నిలుస్తుంది.